పైడమ్మ చెప్పని సాక్ష్యం

1వ రోజు

పొద్దున్నే సముద్రపు నీళ్లలోంచి ఉప్పు వడకట్టే జల్లెడలు గీకాను. నాలుగోదానికి చిల్లు పడింది. కొత్తది వచ్చేదాకా కుట్టు వేసి నడపాలి. మూడో తొట్టిలో నీళ్లు సగానికి దిగిపోయాయి. ఈ నెలలో వాన పడకపోతే తలకు రోజుకు మూడు చెంబులేనని పాస్టరు అయ్యగారు మొన్న ఆరాధన చివర్లో చెప్పారు.

పది గంటలకు ఒడ్డు నుంచి పడవ వచ్చింది. సరంగు ఒక ముసలామెను దించి, ఒక కాగితం నా చేతిలో పెట్టి, టీ అయినా తాగకుండా వెళ్లిపోయాడు. పేరు పైడమ్మ. వయసు అరవై ఏడు. మతం క్రైస్తవం.

ఆ మూడో ముక్క నిజమో కాదో తేల్చడం నా పని. ఈ నిరీక్షణ తెప్ప మీద రెండు వందల పన్నెండు మందికి చోటుంది. ఆ చోటు క్రైస్తవులకేనని దీన్ని కట్టించిన దాతల బోర్డు రాసిపెట్టింది. సముద్రం ఊళ్లను మింగేశాక ఒడ్డు శిబిరాల్లో మిగిలినవాళ్లకు మంచినీళ్లు కావాలి. మంచినీళ్లు ఇక్కడున్నాయి. అందుకని ఒడ్డున అందరూ క్రైస్తవులే. నలభై రోజుల్లో క్రైస్తవుల్ని తయారుచేసే కోచింగ్ సెంటర్లు కూడా ఉన్నాయట. ఉదయం బ్యాచి, సాయంత్రం బ్యాచి.

వచ్చిన మనిషిని ఇరవై ఒక్క రోజులు గమనిస్తాను. పరలోక ప్రార్థన చెప్పిస్తాను, పాట పాడిస్తాను, చివరికి సాక్ష్యం చెప్పిస్తాను. దేవుడు తనను ఎప్పుడు, ఎలా పట్టుకున్నాడో సొంత మాటల్లో చెప్పాలి. పోలిక పెట్టె దాన్ని విని, తన దగ్గరున్న వేల సాక్ష్యాలతో పోల్చి, నూటికి ఎన్ని పాళ్లు ఇతరులతో కలుస్తోందో చెబుతుంది. అరవై దాటితే అది కొన్న సాక్ష్యమని లెక్క. అలాంటివాళ్లు ఇరవై ఒకటో రోజు పడవలో వెనక్కి పోతారు. తొమ్మిదేళ్లుగా పరిశీలకురాలిని నేనే. పేరు కెజియా. గడువు తీరాక ఈ పుస్తకం బోర్డుకు వెళుతుంది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

పైడమ్మను ఆమె గదికి తీసుకెళుతుంటే వరసలో మొదటి ఇంటి ముందే ఆగిపోయింది. అక్కడ వాకిలి చెంబు ఉంది. మా తెప్ప మీద ప్రతి వాకిట్లోనూ మూత పెట్టిన నీళ్ల చెంబు ఉంటుంది. దారిన పోయేవాళ్లు ఎవరైనా తాగొచ్చు. ఎవరి వాటాలోంచి వాళ్లు పెడతారు. కొత్తవాళ్లు దాన్ని చూసి ఆశ్చర్యపోవడం మామూలే. ఈమె ఆశ్చర్యపోలేదు, భయపడింది.

“ఇది ఎవరు నేర్పినారమ్మా మీకు?” అంది.

“మా అమ్మ మొదలుపెట్టింది.”

“పెతి ఇంటికీ ఉన్నాదా?”

“యాభై ఎనిమిది ఇళ్లకూ ఉంది.”

తర్వాత వరసంతా నడుస్తూ చెంబులు లెక్కపెట్టింది. పెదవులు కదలడం నేను చూశాను. తెప్ప మీద కాలు పెట్టిన గంటలోనే నీళ్లు ఎక్కడెక్కడున్నాయో లెక్కేసుకునే మనిషి మీద ఒక కన్ను వేసి ఉంచాలి.

3వ రోజు

పైడమ్మ కాళ్లు పొంగి ఉన్నాయి. ఒడ్డు నీళ్లు తాగేవాళ్లకు వచ్చే జబ్బే. మా నర్సు చూసి, మళ్లీ ఆ నీళ్లలోకి పంపితే ఏడాది తిరగదని నా చెవిలో చెప్పింది. ఆ సంగతి నా తీర్పులోకి రాకూడదు. రాసి మాత్రం పెడుతున్నాను.

పరలోక ప్రార్థన సగందాకా చెప్పి ఆగిపోయింది. కోచింగ్ వాళ్లకు గుక్క తిప్పుకోకుండా వస్తుంది. సగంలో ఆగమని కొత్తగా నేర్పుతున్నారేమో.

“మీరు క్రైస్తవులేనా?” అని అడిగాను.

“కిరస్తానీనని సెప్పుకుందారనే ఒచ్చినానమ్మా.”

“ఎప్పుడు రక్షణ పొందారు?”

“ఇంకా అవనేదేమో,” అంది.

తొమ్మిదేళ్లలో ఈ జవాబు ఎవరూ చెప్పలేదు. చాలా మొద్దు మనిషి చెప్పాలి, లేదా చాలా తెలివైన మనిషి చెప్పాలి. పైడమ్మ కళ్లు మొద్దు మనిషి కళ్లు కావు.

ఇంటికొచ్చి అన్నం తింటూ అమ్మతో ఈ మాట చెప్పాను. మా అమ్మ దీనమ్మకు డెబ్భై మూడేళ్లు. ఏ ఊరామె అని అడిగింది. మాటను బట్టి ఉత్తరాది మనిషేనని, పేరు పైడమ్మని చెప్పాను. అమ్మ గరిటె కిందపెట్టి, తలనొప్పిగా ఉందని వెళ్లి పడుకుంది. కంచంలో అన్నం అలాగే ఉంది.

6వ రోజు

బుధవారం, సాక్ష్యాల కూటం. అమ్మ రాలేదు. ముప్పై రెండేళ్లలో ఆమె ఒక్క కూటం కూడా మానలేదు.

కొత్తవాళ్లకు దారి తెలియడానికి ముందుగా నా సాక్ష్యం నేనే చెబుతాను. వందల సార్లు చెప్పి ఉంటాను. నాకప్పుడు నాలుగేళ్లు. శిబిరంలో విషజ్వరం. డాక్టరు చేతులెత్తేశాడు. ఇంట్లో మిగిలింది ఒకే చెంబు నీళ్లు. ఎవరో దారిన పోయే ఆడమనిషి వచ్చి దాహమంది. అమ్మ ఆ చెంబు ఆమెకిచ్చేసింది. ఆమె తాగి, నా తల మీద చెయ్యి వేసి, ప్రభువు పేరున ప్రార్థించి వెళ్లిపోయింది. తెల్లారేసరికి నేను లేచి కూర్చున్నాను. ఆ రోజు నుంచి మా వాకిట్లో చెంబు పెడతామని అమ్మ మొక్కుకుంది. మమ్మల్ని చూసి తెప్పంతా పెడుతోంది. నా మటుకు నేనే ఒక సాక్ష్యం అనుకుంటాను. నేను బతికి ఉండటమే రుజువు.

రెండో వరసలో కూర్చున్న పైడమ్మ కళ్లు మూసుకుని వింటోంది. “లేచి కూర్చుని, ఆకలి అన్నాను. ఏం కావాలని అమ్మ అడిగితే...” అని నేను ఊపిరి తీసుకున్నాను.

“పచ్చి ఉల్లిపాయ,” అంది పైడమ్మ, తనలో తాను.

నేనింకా ఆ మాట అనలేదు. సాక్ష్యం ఎలా ముగించానో నాకు గుర్తులేదు.

8వ రోజు

రెండు రోజులుగా జల్లెడలు గీకుతూ ఇదే ఆలోచన. నా సాక్ష్యం పోలిక పెట్టెలో ఉంది. దాని తాళం నా మెడలో ఉంది. తెప్ప దాటి ఆ కథ బయటికి పోయిందంటే ఎవరో మోశారు. పైడమ్మను కోచింగ్ సెంటర్లు పంపి ఉండాలి, మా దగ్గరి సాక్ష్యాలు ఎత్తుకుపోవడానికి. లేదా నా పనితనం చూడటానికి బోర్డే పంపి ఉండాలి. రెండోదైతే నేను ఆమెను అనుమానించడం బోర్డుకు నచ్చుతుంది. మొదటిదైతే ఇంకా మంచిది.

అయ్యగారికి చెప్పాను. జ్ఞానరత్నం అయ్యగారు పుట్టెడు కబుర్లు చెప్పే మనిషి. ఇవాళ మాత్రం కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ, “ప్రార్థన సగమే వచ్చిందన్నారు కదమ్మా, అది చాలు. పంపించేయండి,” అన్నారు. ముసలివాళ్ల విషయంలో ఆయన ఎప్పుడూ ఇలా మాట్లాడరు. పైడమ్మ పేరు చెప్పగానే మా ఇంట్లో ఒకరికి తలనొప్పి వచ్చింది, ఇక్కడ ఒకరికి తొందర వచ్చింది. అందరికీ తెలిసిందేదో నా ఒక్కదానికే తెలియదనిపిస్తోంది.

11వ రోజు

ఇవాళ నిలదీశాను. పైడమ్మ గదిలో కూర్చుని మా జల్లెడల గుడ్డ కుడుతోంది. ఎవరూ చెప్పకుండానే చేతికి తీసుకుంది. కుట్టు నాకంటే బాగుంది. అందుకు కూడా చిరాకేసింది.

“ఉల్లిపాయ సంగతి మీకెవరు చెప్పారు?”

“నానే సెప్పినాను తల్లీ, మీయమ్మకి.”

సూది పక్కన పెట్టి మొత్తం చెప్పింది. ముప్పై రెండేళ్ల కిందట ఒడ్డున రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసేది. ఒలుస్తూ కథలు చెబితే పక్కవాళ్లు పని మరిచి వినేవాళ్లు. ఒక బ్రోకరు అది చూశాడు. తెప్ప ఎక్కాలనుకునేవాళ్లకు సాక్ష్యాలు అల్లమన్నాడు. రెండు పూటలా గంజి, పడుకోడానికి చోటు.

“ఒకలిదొకలికి కలవకూడదనీవోడు. సెంబు కత మీయమ్మకిచ్చినాను. ఇంకోలికి ఇంకోటిచ్చినాను. ఒప్పజెప్పేదాకా ఎదురుగా కూకోబెట్టి సెప్పించినాను. మీయమ్మ ఎంట నువ్వూ ఒచ్చీదానివి. ఆ గుంటపిల్లవి నువ్వేనని కూటంలో తెలిసింది. సెంబు కత నాను అల్లినాను గానీ, ఎవలో నిజంగా సెంబులెడతారని నానెరగను. యాభై ఎనిమిది ఇల్లు! సూసి నా పేనం ఎలిపోయింది.”

“అబద్ధం,” అన్నాను. “మా సాక్ష్యం పోలిక నూటికి నాలుగు. కొన్నవి అరవై దాటుతాయి.”

ఆమె నన్ను జాలిగా చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను.

“నిజంగా జరిగినవన్నీ ఒక్కలాగే ఉంటాయి తల్లీ. జొరమొచ్చింది, బయమేసింది, ఏడిసినాం, మొక్కినాం, తగ్గింది. మనుసులందరికీ అంతే గదా జరుగుతాది! అబద్దానికే ఉల్లిపాయలు కావాల.”

12వ రోజు

అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. అడగడానికి భయపడ్డాను, కానీ అడిగాను. నాకు ఎంత జ్వరం వచ్చింది?

“నీకు జ్వరమూ లేదు, గిరమూ లేదు,” అంది అమ్మ గోడవైపు తిరిగి. “రాయిలా ఉండేదానివి. శిబిరంలో పిల్లలందరూ పడుతూ లేస్తూ ఉంటే నువ్వొక్కదానివే గెంతుతూ తిరిగేదానివి. నా చెవిపోగులిచ్చి ఆ కథ తెచ్చుకున్నానే. నీళ్ల కోసం. నిన్ను బతికించుకోవాలని.”

“మరి చెంబు?”

“కథలో పెడతానని మొక్కుకున్నాక పెట్టకపోతే ఎవరైనా అనుమానిస్తారని పెట్టా. మొదటి ఏడాది భయంతో పెట్టా. తర్వాత మానబుద్ధి కాలేదు. ఆ నీళ్లు ఎవరన్నా తాగి మూత పెట్టి వెళితే చాలా బాగుండేదే. ప్రార్థన కూడా అంతే. మొదట చూసేవాళ్ల కోసం చేశా. ఎప్పటినుంచి ఆయన కోసం చేస్తున్నానో నాకే తెలీదు. తారీకు అడిగితే చెప్పలేను.”

నాకు కోపం వచ్చింది. చచ్చి బ్రతికిన పిల్లనని ముప్పై రెండేళ్లు తల ఎత్తుకు తిరిగాను. దేవుడు నన్ను ప్రత్యేకంగా ముట్టుకున్నాడని నమ్మాను. ఆ నమ్మకంతోనే ఈ పనికి ఒప్పుకున్నాను. బయటికొచ్చి పాడైన జల్లెడ తీసి, బాగున్నది కూడా తీసి, రెండూ గీకుతూ ఏడ్చాను.

13వ రోజు

పోలిక పెట్టె తెరిచి పాత పరిశీలనలన్నీ బయటికి తీశాను. నేను తొమ్మిదేళ్లలో పంతొమ్మిది మందిని వెనక్కి పంపాను. అందరి పోలికా అరవై దాటింది. ఇవాళ మొదటిసారి అంకె చూడకుండా మనిషి గొంతు విన్నాను.

“పాపకు జ్వరం వచ్చిందండీ. ప్రార్థన చేశాం. తగ్గింది.” డెబ్భై ఒకటి.

“మా ఆయన పోయాక చచ్చిపోదామనుకున్నా. పక్కింటామె కూటానికి తీసుకెళ్లింది. అంతేనమ్మా, ఇంకేం లేదు.” అరవై ఆరు.

“ఏం చెప్పమంటారు, నాకు మాటలు రావు.” తర్వాత ఏడుపు. పెట్టెకు ఏడుపు కూడా లెక్కే. ఎనభై.

వీళ్లలో కొందరు కొనే వచ్చి ఉంటారు. ఎవరు కొన్నారో, ఎవరు కొనలేదో ఇప్పుడు నేను చెప్పలేను. అప్పుడు మాత్రం చెప్పగలననుకున్నాను. కొన్నదాన్ని నేను, కొన్నవాళ్లని చెప్పి వీళ్లను ఆ నీళ్లలోకి పంపాను.

16వ రోజు

పైడమ్మ కాళ్ల పొంగు తగ్గింది. మంచినీళ్ల మహిమ. వాన మాత్రం లేదు.

అసలెందుకు వచ్చారని అడిగాను. ఈసారి పరిశీలకురాలిగా అడగలేదు.

“ఒడ్డున వాంతుల షెడ్డని ఒకటున్నాది, జబ్బోల్లని పడుకోబెట్టీది. అక్కడ పడిపోయినాను. సలోమని ఒకావిడ నా గుడ్డలు ఉతికీది. నావే కాదు, అందరివీ. ఆరేళ్ల కింద మీరు ఎనక్కి పంపీసినారట. ‘నువ్వు కిరస్తానీవి కాదని రాసీసినారు గదా, మరింకా ఏటి ఈ సాకిరీ?’ అనడిగినాను. ‘అది వాళ్ల పుస్తకంలో రాసుకున్నారులే’ అనేసి గుడ్డ పిండుకుంది. అంతే. కోపం కూడా నేదు.”

సలోమి నాకు గుర్తుంది. మొగుడు తాగడం మానేశాడన్న సాక్ష్యం. డెబ్భై ఎనిమిది.

“అప్పుడు నాకూ కిరస్తానీనని సెప్పుకోవాలనిపించింది. అయితే ఆయన పేరు సెప్పి అన్నేళ్లు గంజి తాగినాను గదా. కొనుక్కున్నోల్లలో ఒక్కలికైనా నా తప్పు ఒప్పుకుని, అప్పుడు సెప్పుకుందారని ఒచ్చినాను. ఇప్పుడు నీకు సెప్పీసినాను.”

ఇంకా ఎవరెవరికి అల్లారని నేను అడగలేదు. అడగను. ఎవరి సాక్ష్యం వాళ్లే చెప్పుకోవాలి.

18వ రోజు

నేనొక తప్పు చేశాను, అది కూడా ఇక్కడ ఉండాలి. పైడమ్మ దగ్గరికెళ్లి, మీకోసం ఒక సాక్ష్యం అల్లుకోండి అన్నాను. మీ అంత బాగా ఎవరూ అల్లలేరు, నూటికి మూడు కూడా రాదు, నేను అవునని రాసేస్తాను, ఇక్కడే బతకండి అన్నాను. పరిశీలకురాలినైన నేనే అన్నాను ఈ మాట.

ఆశపడిందని ఆమె ముఖంలో తెలిసింది. ఆమెకూ బతకాలనే ఉంది.

“వద్దు తల్లీ,” అంది చివరికి. “అందరికీ అల్లినాను గానీ నాకు అల్లుకోను. అల్లితే బాగుంటాది, నాకు తెలుసు. అంత బాగున్నాక ఇంక నాకే నమ్మబుద్దవుతాది. అప్పుడు ఆయన నిజంగా ఒచ్చినా, ఇది నా కతేననుకుంటాను.”

మధ్యాహ్నం అయ్యగారు ఇంటికొచ్చారు. అమ్మ అంతా చెప్పేసినట్టుంది. ఆయన కుర్చీ అంచున కూర్చున్నారు.

“ఆ పేజీలు చింపేయండి కెజియమ్మా. బోర్డు చదివితే మీ ఇంటితో ఆగదు. ప్రతి ఇంటినీ మళ్లీ పరిశీలిస్తారు. ఇక్కడ పసిపిల్లలున్నారు.”

“పైడమ్మను ఏం చేయమంటారు?”

“ఒక్క మనిషి పోతే ఇంతమంది బతుకుతారు, ప్రభువా...” అని ఆగిపోయారు. ఆయన అన్నది నాతో కాదు. తర్వాత రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. ఆయన సాక్ష్యం ఎవరిదని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. వెళ్లేటప్పుడు మాత్రం గుమ్మంలో ఆగి, గోడకేసి చూస్తూ, “నిబంధనల్లో పదకొండోది చదివారా?” అన్నారు.

చదివాను. పరిశీలకురాలు తెప్ప మీద లేని రోజులు అభ్యర్థి గడువులోకి రావు. ఆమె తిరిగి వచ్చేదాకా అభ్యర్థిని కదిలించకూడదు.

20వ రోజు

ఏ పేజీ చింపనని అమ్మకు చెప్పాను. బోర్డు మన చోటు తీసేయవచ్చని కూడా చెప్పాను. ఆమె లేచి కూర్చుని, “రాయి. నా పేరు కూడా రాయి. చెవిపోగుల సంగతి కూడా రాయి,” అంది. “ఆ పైడమ్మను మనింటికి తీసుకురా. ఒక్కదాన్ని వండుకోలేను.”

తీసుకొచ్చాను. ఇద్దరు ముసలమ్మలూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. తర్వాత అమ్మ, “ఉల్లిపాయేంటే పైడమ్మా, నా కూతురికి అసలు ఉల్లిపాయంటేనే పడదు. ఆ కథ కోసం చిన్నప్పుడు బలవంతాన తినిపించా,” అంది. పైడమ్మ నవ్వాపుకోలేక దగ్గుతూ కూర్చుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేనూ ఉల్లిపాయ ఇష్టమనే అనుకుంటున్నాను ఇన్నేళ్లూ.

21వ రోజు

రాత్రి కాస్త తుంపర పడింది, తొట్టి నిండేంత కాదు. జల్లెడలు గీకడం పైడమ్మకు చూపించాను. ఒకసారి చూసి నేర్చుకుంది.

పడవ వచ్చింది. వెనక్కి ఒక మనిషి ఉంటుందని సరంగుకు ముందే చెప్పారట. ఎవరామె అని అడిగాడు. నేనేనన్నాను. “తెప్ప మీద రెండు వందల పన్నెండు మందీ క్రైస్తవులేగా, మీకేమైంది?” అన్నాడు. టీ తాగి వెళదామన్నాను. ఈసారి ఒప్పుకున్నాడు.

అతను టీ తాగే లోపల ఈ పేజీ పూర్తి చేస్తున్నాను. పుస్తకంలో ఏ పేజీ చింపలేదు. ఇది అతని చేత బోర్డుకు పంపుతున్నాను. చివరి పేజీలో అచ్చు వేసిన ప్రశ్న ఉంది: అభ్యర్థి క్రైస్తవురాలేనా? అవును, కాదు. రెండింటిలో దేనికీ టిక్కు పెట్టలేదు. పరిశీలకురాలు తెప్ప మీద లేదు, గడువు ఆగింది అని మాత్రం రాశాను.

నేను అమ్మ చెవిపోగులతో కొన్న సాక్ష్యం మీద ఈ తెప్ప ఎక్కాను. నాకు ఏ జ్వరమూ రాలేదు, ఎవరూ నా తల మీద చెయ్యి వేయలేదు. అందుచేత నేను చేసిన పరిశీలనలు ఏవీ చెల్లవు. నేను వెనక్కి పంపిన పంతొమ్మిది మందిని వెతకడానికి వెళుతున్నాను. బతికున్నవాళ్లను మళ్లీ ఇక్కడికి పిలవమని బోర్డును అడుగుతున్నాను. పోయినవాళ్ల పేర్లు వచ్చి చెబుతాను.

మొదట వాంతుల షెడ్డుకు వెళతాను. సలోమి అక్కడే ఉంటుందని పైడమ్మ చెప్పింది. ఆమె నన్ను గుర్తుపడుతుంది, క్రైస్తవురాలివి కాదని ఆమె ముఖం మీదే చెప్పిన మనిషిని నేను. ఇప్పుడు ఎవరిగా వచ్చావని ఆమె అడిగితే క్రైస్తవురాలినని చెప్పాలనుంది. ఆమె నమ్ముతుందా అని నాకు అనుమానం. ముందు గుడ్డలు ఉతకడానికి చోటెక్కడో అడుగుతాను.